పోపుల డబ్బాకి పాస్‌వర్డు లేదు

మా మనవడి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర రోజూ ఒక వింత చూస్తున్నాను. హైదరాబాదు నిజాంపేటలో తొమ్మిదో అంతస్తు. వాడూ వాడి పెళ్ళామూ రాత్రి పదింటికి గాని అన్నానికి కూర్చోరు. కూర్చోగానే ఇద్దరూ చెరో ఫోనూ తీసి బల్ల మీద బోర్లా పెడతారు. మధ్యలో ఏదో ఒకటి గుర్రుమంటుంది. ఇద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోతాయి. ఎవరిది మోగిందో ఇద్దరికీ తెలుసు. ఎవరూ తియ్యరు. కాసేపటికి మళ్ళీ పప్పు కలుపుకుంటారు.

"ఎందుకురా బోర్లా పెట్టడం?" అన్నాను ఓ రోజు.

"స్క్రీను మీద గీతలు పడకుండా తాతయ్యా" అన్నాడు.

బోర్లా పెడితేనే కదరా గీతలు పడేది! పైకి అనలేదు. 37 ఏళ్ళు తపాలా ఆఫీసులో చేసినవాణ్ణి, కవరు పైనుంచి చూసే లోపల ఏముందో కాస్తో కూస్తో పోల్చగలను.

ఇక్కడ నేను "మా రోజుల్లో" అని మొదలెట్టగానే వంటింట్లోంచి మా ఆవిడ "మొదలెట్టారూ!" అంటుంది. అననివ్వండి. ఆవిడకి 73, నాకు 79. ఈ వయసులో నా గొణుగుడికి పోటీగా ఆవిడ విసుగు కూడా లేకపోతే ఇంట్లో చప్పుడే ఉండదు.

1971 వేసవిలో మా పెళ్ళయింది. తణుకు దగ్గర పల్లెటూరు, మండువా లోగిలి, 14 మంది మనుషులు. అందులో కొత్త దంపతులకి ఇచ్చిన గది ధాన్యం గాదె పక్కది. దాని తలుపుకి లోపలివైపు గడియ లేదు. కుర్చీ అడ్డం పెట్టుకునేవాళ్ళం. మా బాబాయి కొడుకు ఎనిమిదేళ్ళవాడు, చిలక్కొయ్యకి తగిలించిన తన బొంగరం తాడు కావాలని ఏ వేళనైనా వచ్చి ఆ కుర్చీని తోసేవాడు.

ఓసారి పని మీద తాపేశ్వరం వైపు వెళ్ళి మడత కాజాలు పావుకిలో కట్టించుకొచ్చాను. 14 మందికి పావుకిలో ఏ మూలకి? అంచేత అవి చొక్కా కిందనుంచి ఇంట్లోకి వచ్చాయి. మా ఆవిడ పుట్టింటి ట్రంకు పెట్టెలో, పట్టుచీర కింద చేరాయి. రాత్రి దీపం తగ్గించాక చెరోటీ. నమిలితే చప్పుడవుతుందని నోట్లో నానబెట్టుకుని తినేవాళ్ళం. మూడో రోజు పొద్దున్న మా అమ్మ వసారాలో కూర్చుని ముగ్గుపిండి జల్లిస్తూ నేలకేసి చూస్తోంది. గడప మీదుగా చీమల బారు. మండువా పక్కనుంచి, స్తంభం చుట్టూ తిరిగి, తిన్నగా మా గదిలోకి. అమ్మ లేచి ఆ బారు వెంటే గుమ్మం దాకా వచ్చింది. లోపలికి మాత్రం రాలేదు. మా ఆవిడ మూల నిలబడి వణికిపోతోంది.

"అమ్మాయ్, ట్రంకు పెట్టె చుట్టూ కాస్త పసుపు జల్లు. పట్టుచీరలు పాడవుతాయి" అని అమ్మ మళ్ళీ ముగ్గుపిండి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాదే 'ప్రేమనగర్' వస్తే చూడాలని మా ఆవిడకి కోరిక. కడుపునొప్పి, తణుకులో డాక్టరుకి చూపించాలి అని చెప్పి బయల్దేరాం. ఆట చూసి తిరిగొస్తే మా నాన్న అరుగు మీద కూర్చుని "మందులేవిరా?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. మా ఆవిడ తొణక్కుండా "రెండు పూటలా మజ్జిగ తాగమన్నారండీ మామయ్యగారూ" అంది. దాంతో వారం రోజులపాటు ఆవిడకి రెండు పూటలా మజ్జిగే.

మాకు రహస్యాలు లేవని ఎవడన్నాడు? బోలెడు. కాకపోతే అవి ఇద్దరం కలిసి దాచినవి. ఇంటెడు మందికీ తెలియకుండా ఇద్దరికే తెలిసినవి. నిజం చెప్పాలంటే, పెద్దలు చూసి చేసిన పెళ్ళిలో ముక్కూమొహం తెలియని ఇద్దరం ఒకరికొకరం దగ్గరైంది ఆ దొంగతనాల వల్లనే. ఇప్పుడు మనవడి ఇంట్లో అత్తా లేదు, ఆడబిడ్డా లేదు, గడియ లేని తలుపూ లేదు. కాజాలు డబ్బాలకి డబ్బాలు ఫోను నొక్కితే గుమ్మంలోకి వస్తాయి. దాక్కోవాలంటే ఎవరినుంచి దాక్కోవాలి? మా ముసలాళ్ళని వదిలేస్తే ఇద్దరే మిగిలారు. అందుకని ఒకళ్ళ నుంచి ఒకళ్ళు దాక్కుంటున్నారు.

మనవాళ్ళు 'గుట్టు' అనే మాట ఒకటి వాడతారు. గుట్టుగా సంసారం చేసుకుంటోంది అంటే మెచ్చుకోలు. ఇంట్లో బియ్యం నిండుకున్నా వీధిలోకి తెలియనివ్వకపోవడం గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నప్పుడు కూడా తప్పు గుట్టుది కాదు, బయటపెట్టినవాడిది. మొగుడు పెళ్ళానికి చెప్పనిదాన్ని ఎవరూ గుట్టు అనరు. దానికి 'దాపరికం' అని వేరే మాట ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి వీధికి తెలియనివ్వనిది ఒకటైతే, ఇంట్లోనే ఒకరు ఇంకొకరికి తెలియనివ్వనిది ఇంకొకటి. నా మనవడు రెంటినీ కలిపి 'ప్రైవసీ' అంటున్నాడు.

ఇంతదాకా చదివి, ఆహా పాతకాలం ఎంత బంగారమో అని కళ్ళు తుడుచుకోకండి. మా నాన్న జీతం ఎంతో మా అమ్మకి ఆయన పోయేదాకా తెలియదు. చింతపండు వీశె ధర ఎంతో, నాలుగిళ్ళ అవతల కోడలికి ఎన్నో నెలో అన్నీ తెలుసు గాని, తన మొగుడు నెలకి ఎంత తెస్తాడో తెలియదు. ఆయన దాచారా అంటే దాచలేదు. అడిగే నోరు ఎదురుగా ఉంటే కదా దాచవలసింది! చొక్కా జేబులో డబ్బు అలాగే వేలాడుతూ ఉండేది, ఎవరూ చెయ్యి పెట్టేవారు కారు. చాలామంది మా తరం మగాళ్ళు "మేం పెళ్ళాం దగ్గర ఏదీ దాచలేదు" అని మీసం మెలేస్తారే, అందులో నిజం ఇంతే. చిన్నిల్లు ఉన్న పెద్దమనుషులు కూడా దాచేవారు కారు. సాయంత్రం గొడుగు పట్టుకుని నడివీధిలోంచే వెళ్ళేవారు. ఇంట్లో ఆవిడ దీపం పెట్టుకుని కూర్చునేది. దాన్ని దాపరికం లేని కాపురం అంటారా?

దాచుకోవలసిన అవసరమంతా ఆడవాళ్ళది. ఆ సంగతి నాకు ఇంట్లో కంటే కౌంటరు దగ్గర ఎక్కువ తెలిసింది.

సబ్ పోస్టుమాస్టరుగా గోదావరి జిల్లాల్లో అయిదారు ఊళ్ళు తిరిగాను. ఏ ఊరైనా మధ్యాహ్నం రెండూ మూడూ మధ్య, మగాళ్ళు భోజనం చేసి నడుం వాల్చే వేళ, ఆడవాళ్ళు వచ్చేవారు. చెంగు కొసన ముడి. ఆ ముడి విప్పితే మడతలు మడతలుగా రూపాయి నోట్లు, చెమటకి తడిసి అంటుకుపోయి. నెలకి పది రూపాయల ఆర్.డి. కొందరు పాస్‌బుక్కు ఇంటికి తీసుకెళ్ళేవారు కారు. "మీ దగ్గరే ఉంచండి బాబుగారూ" అని నా సొరుగులోకి తోసేవారు. రూలు ప్రకారం నేను ఉంచుకోకూడదు. ఎంతమందివి ఉంచానో ఇప్పుడు చెప్తే పెన్షను ఆపుతారేమో గాని, ఉంచాను.

ఒకాయన ఓసారి వచ్చి కటకటాల మీద మోచేతులు ఆనించి "మా ఇంటిదాని పేర మీ దగ్గర ఏవన్నా ఖాతా ఉందా పోస్టుమాస్టరుగారూ?" అన్నాడు.

"ఖాతాదారు అడిగితేనే చెప్తామండీ."

"నేను మొగుణ్ణండీ!"

"మొగుడే, కాదనను. ఖాతాదారు కాదుగా."

ఆయన గుడ్లురిమి వెళ్ళిపోయాడు. ఖాతా ఉంది. గడువు తీరాక ఆవిడ ఆ డబ్బుతో గేదెని కొంది. మా తమ్ముడు పంపాడు అని మొగుడికి చెప్పింది. ఆయన ఊరంతా తిరిగి బావమరిది దొడ్డ మనసు గురించి ఒకటే పొగడ్త. సంక్రాంతికి ఆ బావమరిది వచ్చి, ఏం జరిగిందో తెలియక, అక్క సైగ చేస్తే తలూపి, కొత్త పంచె కూడా పెట్టించుకుని వెళ్ళాడు.

ఇది నవ్వుకునే కథ. ఇంకోటి ఉంది. 1986లో ఇందిరా వికాస పత్రాలు వచ్చాయి. మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అయిదేళ్ళకి సొమ్ము రెట్టింపు. దాని మీద పేరు ఉండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే, కరెన్సీ నోటులాగే. పేరు లేని కాగితం అంటే దాచుకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? మా ఆఫీసులో అవి కొన్నవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు. అందులో ఒకావిడ, తాటాకిల్లు, పత్రాన్ని చూరులో దోపింది. ఎండాకాలంలో ఆ వీధి అంటుకుంది. నాలుగో రోజున వచ్చి, పేరు ఫలానా, కొన్న తేదీ ఫలానా, మళ్ళీ కాగితం ఇవ్వండి బాబూ అంది. పేరు లేని కాగితానికి నకలు ఇవ్వడానికి రూలు లేదు. ఆ మాట ఆవిడకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి ఆవిడే అడగలేదు. కౌంటరు కింద చతికిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇల్లు కాలిందని వీధిలో అందరితో కలిసి ఏడవచ్చు. ఈ కాగితం కాలిందని మాత్రం ఎక్కడా ఏడవడానికి లేదు. ఇంటికెళ్ళి మొహం కడుక్కుని మొగుడికి అన్నం వండాలి.

ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు అని ఎవడన్నాడో గాని వాడెప్పుడూ తపాలా కౌంటరు వెనక కూర్చుని ఉండడు. ధర్మరాజు కూడా, కర్ణుడు మీ అన్నే అని కుంతి యుద్ధం అయిపోయాక చెబితే, ఆడవాళ్ళ దగ్గర ఇకమీద రహస్యం నిలవకుండుగాక అని శపించాడట. అన్నేళ్ళు నోరు మెదపని మనిషిని పట్టుకుని ఇచ్చిన శాపం అది! ఆవిడ చెప్పుకోలేకపోవడానికి కారణం ఏమిటని ఆయన అడిగినట్టు నేనెక్కడా వినలేదు.

సరే, ఊళ్ళోవాళ్ళ సంగతులు చెప్పి నాది తప్పించుకుంటే బావుండదు.

1984లో నా స్నేహితుడు ఒకడు ఒక ప్రైవేటు చిట్టీ కంపెనీలో పాట పాడి డబ్బు తీసుకుంటూ జామీను సంతకం చెయ్యమన్నాడు. చేశాను. మా ఆవిడకి చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు, అందుకే చెప్పలేదు. నాలుగు వాయిదాలు కట్టి వాడు ఊరొదిలేశాడు. రిజిస్టరు నోటీసులు నా పేర రావడం మొదలైంది. నేనే పోస్టుమాస్టర్ని. సంచీ విప్పేది నా ఎదురుగానే. నా ఉత్తరం నేనే పైకి తీసి, అక్నాలెడ్జిమెంటు కార్డు మీద నేనే సంతకం చేసి, సొరుగులో పడేసేవాణ్ణి. పోస్టుమాను మా ఇంటి గుమ్మం తొక్కే అవసరమే లేకుండా చూశాను. ఆ సొరుగులోనే పక్కన ఊళ్ళో ఆడవాళ్ళ పాస్‌బుక్కులు. అప్పుడు అది నాకు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

కోర్టుకెళ్ళింది. జీతం జప్తు అయింది. ఒక డిక్రీ కింద జీతాన్ని 24 నెలలకి మించి పట్టకూడదని చట్టం కాబట్టి ఏదో బతికి బట్టకట్టాను. ఆ 24 నెలలూ ఇంట్లో ఏం చెప్పానంటే, ఇన్‌కంటాక్సు ఎక్కువ పట్టేస్తున్నారని. గవర్నమెంటుని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి కూడా, నమ్మకం కుదరడానికి. ఆవిడ ఊ కొట్టేది. కాఫీలో చికోరీ పాలు పెరిగింది. పిల్లలకి దీపావళికి ఒక జతే కుట్టించింది. ఒక్కనాడు కూడా ఇదేమిటని అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియదనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరువాత ముచ్చట 2016 నవంబరు 8, మంగళవారం. రాత్రి ఎనిమిదింటికి టీవీలో ప్రధాని, 500, 1000 నోట్లు చెల్లవని. అప్పటికి నేను రిటైరై పదేళ్ళు. నేను వార్తలు చూస్తూ నల్లడబ్బువాళ్ళ పని అయిపోయిందని చంకలు గుద్దుకుంటున్నాను. మా ఆవిడ మాట్లాడకుండా లేచి వెళ్ళి పడుకుంది. మర్నాడు బ్యాంకులు లేవు. ఆ మర్నాడు పొద్దున్న పూజ అయ్యాక, ఆ పాత ట్రంకు పెట్టె, కాజాల పెట్టె, ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. పెళ్ళినాటి పట్టుచీర మడతలు విప్పుతుంటే మడత మడతకీ నోట్లు. అయిదొందలవి 38, వెయ్యివి ఆరు. మొత్తం 25 వేలు. కర్పూరం బిళ్ళల వాసన.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఆ చిట్టీ గొడవప్పటినుంచి."

నాకు నోట మాట రాలేదు. ఆవిడే చెప్పింది, చీర మడత పెట్టుకుంటూ, కూర ఏం వండమంటారు అన్నంత మామూలుగా. మొదటి నోటీసు వచ్చిన నెలలోనే తెలిసిందట. మా ప్యాకరు భార్య నీళ్ళ దగ్గర చెప్పిందట. 'మీరు చెప్తారేమోనని చూశాను. చెప్పలేదు. ఇవాళ ఇది చెప్పని మనిషి రేపు ఇంకోటి చెప్పడు. రేపు ఇంటి మీదకి ఎవడో వచ్చి నిలబడితే పిల్లలకి నాలుగు రోజులు అన్నం పెట్టడానికి ఉండాలి కదండీ' అంది. అప్పట్నుంచి కూరల్లో మిగిల్చింది, పాలల్లో మిగిల్చింది. రూపాయిలు పదులు చేసింది, పదులు వందలు చేసింది, అయిదొందల నోటు వచ్చాక కిరాణా కొట్లో మార్చి అయిదొందలు చేసింది. 32 ఏళ్ళు. చిట్టీ అప్పు రెండేళ్ళలో తీరిపోయింది. ఆవిడ భయం మాత్రం తీరలేదు, తీరిందో లేదో నేను అడగనూ లేదు, ఎందుకంటే ఆవిడకి భయం ఉందనే నాకు తెలియదు.

దొరికిపోవడం, గొడవపడటం, పుట్టింటికి పోవడం, ఇవన్నీ సినిమాల్లో. అసలు కాపురాల్లో జరిగేది ఇదీ. ఒకరు ఒకటి దాస్తారు. రెండోవాళ్ళు అది కనిపెట్టి, కనిపెట్టిన సంగతి దాస్తారు. పైకి ఏ చప్పుడూ ఉండదు, కాఫీ టైముకి వస్తుంది. పిల్లలు పెరుగుతారు, షష్టిపూర్తి కూడా అయిపోతుంది.

గృహిణులు రెండున్నర లక్షలదాకా ఖాతాలో వేసుకుంటే ఎక్కడిదని అడగం అని గవర్నమెంటు వాళ్ళు చెప్పారు. నయం, వాళ్ళకైనా తెలుసు. ఇద్దరం వరసలో మూడు గంటలు నిలబడి ఆవిడ ఖాతాలో వేసొచ్చాం. ఆ వరసలో మా ముందూ వెనకా ఆడవాళ్ళే, చాలామంది పక్కన మొగుళ్ళు. ఆ మొగుళ్ళ మొహాలు చూడవలసింది. దేశంలో ఎంత నల్లడబ్బు బయటపడిందో నాకు తెలియదు గాని, మా వీధిలో మాత్రం పోపుల డబ్బాలన్నీ ఒకేసారి బోర్లపడ్డాయి.

ఇక ఇప్పటి సంగతి. మా అపార్టుమెంటులోనే ఒక కుర్రాడి ఉద్యోగం ఊడింది. రెండు నెలలపాటు పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, పెళ్ళాం కట్టిన క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడికని? పార్కుకి. పగలంతా అక్కడ కూర్చుని ఆరింటికి వచ్చేవాడు. విచిత్రం ఏమిటంటే, ఆ అమ్మాయి ఫోనులో అతను ఏ క్షణం ఎక్కడున్నాడో చుక్క కనబడుతుంది. నాలుగూ పన్నెండుకి టీ కొట్టులో ఇరవై రూపాయలు కట్టాడని కూడా తెలుస్తుంది, ఖాతా ఇద్దరిదీ కాబట్టి. చుక్క పార్కులో ఎందుకు ఉందని అడిగితే "మా ఆఫీసు వాళ్ళు వాకింగ్ మీటింగులు పెడుతున్నారు" అన్నాడట. అన్నీ కనబడతాయి, ఏదీ తెలియదు. ఈలోగా ఫోనులో అప్పులిచ్చే యాప్‌లు ఉన్నాయి కదా, వాటిలో మూడింట్లో తీసుకున్నాడు. వాయిదా తప్పగానే వాళ్ళు అతని ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు కొట్టారు. పెళ్ళానికి, మామగారికి, మా వాచ్‌మన్‌కి కూడా. నా కాలంలో అప్పు నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చేది, సొరుగులో వేసుకునే వీలుండేది. ఆ కుర్రాడికి సొరుగు కూడా లేకపోయింది.

వాట్సాప్‌లో 2020 నుంచి రాసిన మాట దానంతటదే మాయమయ్యే ఏర్పాటు ఉందట. 2023 నుంచి ఒక్కొక్క మనిషితో మాటలకి విడివిడిగా తాళం. చీర మడతలో నోటు కనీసం కర్పూరం వాసనైనా వేసేది. చీమలు వచ్చేవి. మా పోపుల డబ్బాలో దాచిన డబ్బు అందరికీ తెలిసే ఉండేది, జీలకర్ర కోసం ఎవరు మూత తీసినా కనబడేది. అయినా తియ్యకపోవడం మర్యాద. తాళం లేదు కాబట్టే ఆ మర్యాద ఉందేమో. ఇప్పుడు తాళం ఉంది కాబట్టి, దాన్ని ఎలా తియ్యాలా అన్నదే రెండోవాళ్ళ ధ్యాస.

తీస్తున్నారు కూడా. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడుకున్న మాటల్ని ఆవిడకి తెలియకుండా మొగుడు రికార్డు చేసి సాక్ష్యంగా తెచ్చాడు. అది చట్టవిరుద్ధం, ఆవిడ ఏకాంతాన్ని భంగపరచడం అంది హైకోర్టు. నాకు సబబుగానే తోచింది. ఇప్పుడు, 2025 జులై 14న, సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఇంకోలా చెప్పింది. భార్యాభర్తల మధ్య దావాలో ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసుకున్న ఫోను మాటలు సాక్ష్యంగా తీసుకోవచ్చునని. ఆలుమగలు ఒకరి మీద ఒకరు నిఘా పెట్టేదాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే విరిగిపోయిందని కూడా అన్నారు. ఆ మాట కొట్టెయ్యలేం. కాని, మొగుడూ పెళ్ళాం చెప్పుకున్న మాట బయటపెట్టమని కోర్టు ఎవరినీ బలవంతం చెయ్యకూడదని 1872లోనే తెల్లవాడు చట్టంలో రాశాడు. వాళ్ళిద్దరి మధ్యే వ్యాజ్యం వస్తే అది వర్తించదని కూడా అందులోనే ఉందిట, మా వకీలు స్నేహితుడు చెప్పాడు. 1872 నాటివాడు బహుశా పక్క మీద చెప్పుకునే మాటలు తలగడ కింద రికార్డవుతాయని ఊహించి ఉండడు.

మనవడు ఓ రోజు నన్ను నిలదీశాడు. "అయితే పెళ్ళాంతో అన్నీ చెప్పెయ్యాలా తాతయ్యా? ఫోను ఇచ్చెయ్యాలా?" అని.

అక్కర్లేదురా. మీ నాయనమ్మకి వాళ్ళమ్మ నెలకో ఇన్‌లాండు రాసేది. నా చేతుల మీదుగానే వచ్చేది. ఒక్కటి విప్పలేదు. అందులో సగం నా మీద ఫిర్యాదులకి జవాబులని నాకు తెలుసు. చదువుకుని తాను ఓ గంట మౌనంగా ఉండేది, తరవాత మామూలే. ఆ ఉత్తరాలు ఆవిడవి. చిట్టీ సంతకం అలా కాదు. దాని దెబ్బ ఆవిడ కలిపే కాఫీ మీద, పిల్లల చొక్కాల మీద పడింది. దెబ్బ ఇద్దరి మీదా పడేది ఒకడే దాచుకోవడం, అదీ నేను చేసిన తప్పు. నీ స్నేహితులతో నువ్వు ఏం వాగుతావో ఆ పిల్లకి అనవసరం. ఈ ఫ్లాటు మీద ఎంత అప్పుందో అవసరం.

వాడు మాట్లాడలేదు. అప్పు సంగతి ఆ పిల్లకి తెలుసో లేదో వాడి మొహం చూస్తే నాకు అంతుబట్టలేదు. వాడి మొహం కూడా బోర్లా పెట్టిన ఫోనే.

కౌంటరు దగ్గర నేను చూసినవాటిల్లో నాకు బాగా కష్టమనిపించేది ఇంకోటి. మొగుడు పోయిన పదమూడో రోజు అయ్యాక, కొడుకునో అన్ననో వెంటబెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. "ఆయన మీ దగ్గర ఏవన్నా వేశారేమో చూడండి" అనేవారు. వేశారో లేదో తెలియదు, ఎంతో తెలియదు, పుస్తకం ఎక్కడుందో తెలియదు. కొన్నిసార్లు ఉండేది, నామినీ పేరు ఉండేది కాదు. వారసత్వం కాగితాల కోసం ఆవిడ ఏడాదిపాటు మండలాఫీసు చుట్టూ తిరిగేది. ఒకావిడకైతే ఉంది, నామినీ పేరూ ఉంది. ఆ పేరు ఆవిడది కాదు. నేను ఆ పేజీ ఆవిడ వైపు తిప్పకుండా చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

బ్యాంకుల్లో పదేళ్ళు ఎవరూ ముట్టని డబ్బు రిజర్వు బ్యాంకు నిధిలోకి పోతుంది. ఎవరిది ఎక్కడుందో వెతుక్కోమని 2023లో 'ఉద్గమ్' అని ఒక పోర్టల్ కూడా పెట్టారు. మొగుళ్ళు చెప్పకుండా పోయిన సంగతుల్ని పెళ్ళాలు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు పూనుకోవలసి వచ్చింది చూడండి.

అందుకని మొన్న దసరాకి నేను ఒక నోటుబుక్కు కొని, నా ఖాతాలు, డిపాజిట్లు, పెన్షను కాగితాల నంబర్లు అన్నీ రాసి మా ఆవిడకి ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. చదివి "ఆ కోఆపరేటివ్ బ్యాంకులోది రాయలేదేం?" అంది. నేను దాని సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. పెన్ను తీసుకుని రాశాను.

"మరి నీది?" అన్నాను.

"నాది పోపుల డబ్బాలో ఉంది. మీకు జీలకర్రెక్కడుంటుందో తెలిస్తే కదా" అని వెళ్ళిపోయింది.

అయ్యా, ఇది చదివే మగవాళ్ళకి ఒక్క విన్నపం. ఈ రాత్రికి మీ పాస్‌బుక్కులు తీసి, నామినీ గడిలో ఏ పేరుందో చూసుకోండి. ఖాళీగా ఉంటే రేపే వెళ్ళి రాయించండి. అప్పులుంటే అవీ ఒక కాగితం మీద వేసి ఆవిడ చేతికివ్వండి. ఫోనులో కాదు, కాగితం మీదే.